ఇంటి కప్పుకు రాయితీ... బండి కప్పుకు?

న్యూఢిల్లీ: సౌరఫలకాల తయారీలో భారత్ గణనీయమైన మైలురాయిని దాటింది. ప్రభుత్వ ఆమోదిత జాబితాలోని కర్మాగారాల మొత్తం ఉత్పత్తి సామర్థ్యం 100 గిగావాట్లకు చేరినట్టు కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. అయినా చిన్న వ్యానును ఇల్లుగా మలచుకుని ప్రయాణించాలనుకునే వ్యక్తికి 100 వాట్ల పలక చవకగా దొరకడం లేదు. సంచార టిఫిన్ బండి నడిపేవారికీ, పూలున్న చోటికల్లా పెట్టెలు మోసుకెళ్లే తేనెటీగల పెంపకందారులకూ ఇదే పరిస్థితి. కేరళ 2021లో ప్రకటించిన ‘కేరవాన్ కేరళ’ వంటి పథకాలతో క్యాంపర్ వాహనాల ప్రస్తావన పెరిగింది కానీ, వాటికి విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న విధానకర్తల దృష్టికి అంతగా రాలేదు.

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకానికి రూ.75,021 కోట్లు కేటాయించారు. ఇంటిపై 2 కిలోవాట్ల ఏర్పాటుకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78 వేలు రాయితీగా అందుతుంది. అయితే ఆ ఏర్పాటు గ్రిడ్‌తో అనుసంధానమై ఉండాలి, అందులోని సెల్‌లు, పలకలు దేశీయంగా తయారైనవి కావాలి. చక్రాలపై ఉన్న కప్పుకు విద్యుత్ మీటరు ఉండదు కనుక రాయితీ వర్తించదు. గ్రిడ్‌తో సంబంధం లేని సౌరవిద్యుత్తుకు ప్రభుత్వం ఎన్నడూ సాయం చేయలేదనీ అనలేం. 2019 నాటి పీఎం కుసుమ్ పథకం కింద పొలాల్లో స్వతంత్ర సౌర పంపుసెట్లకు రాయితీ ఇచ్చారు. పంపుసెట్టుకూ ఇంటికీ మధ్య ఉండే చిన్న వినియోగదారుడే ఏ పద్దులోనూ చేరలేదు.

ధర విషయంలో పన్నుల పాత్ర పెద్దదే. దిగుమతి పలకలపై 2022 ఏప్రిల్ నుంచి 40 శాతం మూల కస్టమ్స్ సుంకం అమలైంది. 2025 బడ్జెట్ దాన్ని 20 శాతానికి తగ్గించినట్టు కనిపించినా, మరో 20 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు చేరడంతో మొత్తం భారం మారలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సౌర ఉపకరణాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఇది నిజమైన ఊరటే. కానీ గ్రిడ్ లేని ఏర్పాటులో అసలు ఖర్చు పలకది కాదు, బ్యాటరీది. దానిపై జీఎస్టీ 18 శాతం. ఉదాహరణకు పలకకు రూ.8 వేలు, బ్యాటరీకి రూ.20 వేలు అనుకుంటే, మొదటిదానిపై పన్ను రూ.400, రెండోదానిపై రూ.3,600. ఇంటి యజమానికి గ్రిడ్డే బ్యాటరీ. వ్యానులో ఉండేవారు మాత్రం రాత్రి కోసం విద్యుత్తును కొని దాచుకోవలసిందే.

సరిహద్దుకు ఆవల పరిస్థితి వేరు. పాకిస్థాన్ 2024లో సుమారు 17 గిగావాట్ల చైనా పలకలను దిగుమతి చేసుకున్నట్టు ఎంబర్ సంస్థ లెక్కగట్టింది. పెద్ద ప్రభుత్వ పథకమేదీ నడపకుండానే, అధిక విద్యుత్ బిల్లులతో విసిగిన కుటుంబాలు, రైతులు, దుకాణదారులు బజారుకు వెళ్లి కొనుక్కున్నారు. దాంతో గ్రిడ్ ఆదాయానికి గండిపడి, 2025–26 బడ్జెట్‌లో దిగుమతి పలకలపై 10 శాతం అమ్మకపు పన్ను వచ్చింది. అక్కడ దేశీయ పరిశ్రమ నామమాత్రం. భారత్ సుంకాల గోడ కట్టి పరిశ్రమను పెంచుకుంది. ఆ గోడ ఖర్చులో చిన్న కొనుగోలుదారు వాటా ఎంత అన్నదే ఇక్కడ చర్చకు రావలసిన అంశం.

ధర ఎక్కువైతే సొంతంగా చేసుకోవచ్చు కదా అన్న ఆలోచన సహజం. ఒకప్పుడు విడి సెల్‌లు కొని అతికించుకోవడం లాభసాటిగానే ఉండేది. ఇప్పుడు కాదు. ఒక్కో సెల్ అర వోల్టుకు కాస్త పైన ఇస్తుంది. 12 వోల్టుల బ్యాటరీని నింపడానికి అలాంటివి 36 వరుసగా కలపాలి. కాగితమంత పలుచని ఆ సెల్‌లు టంకం వేసేటప్పుడే పగులుతాయి. కర్మాగారంలో గాలి తీసేసి, దాదాపు 150 డిగ్రీల వేడిలో గాజుకూ సెల్‌కూ మధ్య పొరను కరిగించి అతికిస్తారు. ఇంట్లో ఆ పని కుదరదు. వాన తడి, రోడ్డు అదుర్లు కలిస్తే అతుకు ఊడి ఒకచోట వేడి పోగవుతుంది. పైగా గాజు, అల్యూమినియం చట్రం చిల్లరగా కొంటే తయారైన పలక ధరను దాటిపోతాయి. సొంతంగా చేసుకోదగ్గది పలక కాదు, దాన్ని బిగించే చట్రమూ తీగల అమరికా. అవి అయినా ఫ్యూజును బ్యాటరీ పక్కనే పెట్టేంత జాగ్రత్త ఉన్నవారికే.

మరో మార్గం ఇళ్ల కోసం తయారైన పెద్ద పలకను కొనడం. వాట్ లెక్కన అది చిన్న పలక కంటే చవక. కాకపోతే 540 వాట్ల పలక దాదాపు 2.3 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు ఉంటుంది. చిన్న వ్యాను పైకప్పును అదొక్కటే దాదాపు ఆక్రమిస్తుంది. వోల్టేజీ కూడా 50కి దగ్గరగా ఉంటుంది కనుక సాధారణ ఛార్జర్‌కు బదులు ఎంపీపీటీ కంట్రోలర్ తప్పదు. వంచగలిగే పలుచని పలకలు తేలికే కానీ, కప్పుకు అతికిస్తే కింద గాలి ఆడక త్వరగా పాడవుతాయి. దక్కన్ ఎండలో ఇది చిన్న విషయం కాదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ సిలికాన్ పలక శక్తి దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. పలక 65 డిగ్రీలకు కాగితే ఏడో వంతు విద్యుత్తు అక్కడే పోతుంది.

అవసరమెంత? నష్టాలు పోను 200 వాట్ల పలక మంచి ఎండ రోజున దాదాపు 600 వాట్ అవర్లు ఇస్తుంది. 30 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 240 ఖర్చవుతుంది. దీపాలు, ఫోన్లు కలిపినా మిగులు ఉంటుంది. చిన్న ఫ్రిజ్ చేరిస్తే ఆ మిగులు కరిగిపోతుంది. ఏసీ మాటే వద్దు.

కొనేముందు బీఐఎస్ ముద్ర, ఐఎస్ 14286 ప్రమాణం చూడాలి. గ్రిడ్ పథకాలకు, నెట్ మీటరింగ్‌కు తప్పనిసరైన ఆమోదిత జాబితా, సొంత వ్యానుకు వర్తించదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. అందులో సౌరఫలకం ప్రస్తావన విడిగా లేదు కనుక బిగించేముందే రవాణా అధికారిని అడగడం మేలు.

2026 జూన్ నుంచి పలకల్లోని సెల్‌లకూ ఆమోదిత జాబితాను వర్తింపజేయాలని మంత్రిత్వశాఖ 2024 డిసెంబరులోనే నిర్ణయించింది. దేశీయ సెల్‌ల తయారీ పలకల సామర్థ్యానికి చాలా వెనుకబడి ఉంది. ఉన్న సెల్‌లను పెద్ద ప్రాజెక్టులు ముందే పట్టుకుపోతే, చిన్న పలకల తయారీదారుకు మిగిలేది సుంకం చెల్లించి తెచ్చుకున్న సెల్ మాత్రమే.