అడవి ఇంటికి అడిగి వెళ్దాం



మీర్ ఆలం మండీలో పచ్చి మామిడికాయలు కనబడగానే మన పాతబస్తీ ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి ఆవకాయ. రెండోది, "ఈసారి సెలవులకు ఎక్కడికి పోదాం?" అన్న పేచీ. పిల్లలకు పులి కావాలి, ఆయనకు చల్లటి కొండ కావాలి, అత్తగారికి మోకాళ్ళు నొప్పెట్టని చోటు కావాలి. ఈ మూడూ కుదిర్చే పని మాత్రం మనదే! చీటీ ఎత్తుకున్న డబ్బు ఖర్చయ్యేదీ, వారం రోజుల ఓపిక కరిగేదీ ఇక్కడే కాబట్టి, కాస్త ముందుగా కూర్చుని ఆలోచించుకుందాం.

కొండల మీది నేషనల్ పార్కు అంటే మన ఇందిరాపార్కు లాంటిది కాదండీ. టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఎప్పుడంటే అప్పుడు తిరిగే తోట కాదు. అది జంతువుల ఇల్లు. ఇల్లన్నాక తలుపు తీసే వేళ, మూసే వేళ ఉంటాయి. పురుళ్ళు, పుణ్యాలు ఉంటాయి. కేరళలో మున్నార్ దగ్గర ఎరవికులం నేషనల్ పార్కు ఉంది. నీలగిరి థార్ అనే కొండమేకలకు అది పుట్టిల్లు. అవి ఈనే రోజులని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసేస్తారు. బాలింత ఉన్న గదిలోకి మనం ఎవరినైనా రానిస్తామా? అంతే! అందుకే పరీక్షలు ముందే అయిపోయాయని మార్చిలో మున్నార్ టిక్కెట్లు తీసేవారు, పార్కు ఎప్పుడు తెరుస్తారో ముందు కనుక్కోవాలి.

తెలియకుండానే మనలో చాలామందిమి ఒక నేషనల్ పార్కుకి ఎన్నోసార్లు వెళ్ళొచ్చాం. తిరుమల చుట్టూ ఉన్న శేషాచలం అడవి 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. తలకోన జలపాతం కూడా అందులోదే. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ళ పాప చిరుతపులి బారిన పడి చనిపోయిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ తరువాత పదిహేనేళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపకూడదని దేవస్థానం వారు నియమం పెట్టారు. నియమాలు మారుతుంటాయి, కొండకు పోయేముందు కనుక్కోండి. నియమం ఉన్నా లేకపోయినా మెట్లమీద పిల్లలు మన చేయి వదిలి ముందుకు పరిగెత్తకూడదు, సరేనా?

మరి ఈ వేసవికి ఎక్కడికి? అడవీ, చలీ రెండూ ఒకేచోట కావాలంటే నీలగిరి కొండలు మేలు. ఊటీలో ఉండి, ఒకరోజు ముదుమలై అడవి చూసి రావచ్చు. నా మటుకు నేను వేసే లెక్క ఇది.

ముందుగా రైలు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే ఇస్తున్నారు. అంతకుముందు 120 రోజులుండేది. అంటే మే 10న బయలుదేరాలంటే మార్చి 11న పొద్దున్నే టిక్కెట్టు తీయాలి. క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కనే ఆ తేదీకి ఎర్రసిరాతో సున్నా చుట్టండి. పూలప్రదర్శన జరిగే మే నెలలో ఊటీ కిటకిటలాడుతుంది. బళ్ళు మూసిన వెంటనే, ఏప్రిల్ చివర్లో పోగలిగితే గదులు తేలికగా దొరుకుతాయి. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగా వెళుతుంది. మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు ఉదయానికి చేరతాం. అత్తగారికి కింది బెర్తు అడగడం మరిచిపోవద్దు. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకూ ఆ సదుపాయం ఉంది. వయసు చెప్పడానికి మొహమాటపడకండి!

మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు ఎక్కే బొమ్మరైలును పిల్లలు ఎలాగూ అడుగుతారు. 1908లో ఊటీదాకా వచ్చిన ఈ లైనుకు 2005లో యునెస్కో వారి గుర్తింపు దక్కింది. అయితే అది పొద్దున్నే బయలుదేరుతుంది. మన రైలు దిగి దాన్ని అందుకోగలమని ఆశపెట్టుకోవద్దు. బస్సులోనే కొండ ఎక్కి, ఇంకోరోజు కూనూరు నుంచి ఊటీకి బొమ్మరైలు ఎక్కితే సరిపోతుంది. అలసటా తక్కువ, ముచ్చటా తీరుతుంది.

సొంత కారులో పోయేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే బండ్లకు ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో ఊటీకి రోజుకు 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000 అని హద్దు కూడా గీశారు. సర్కారు బస్సులో పోయేవారికి ఆ బాధ లేదు. మన చిన్న కుటుంబాలకు బస్సే నయం, కొండమలుపుల్లో ఆయనకు డ్రైవింగ్ తలనొప్పి ఉండదు.

ఇక అడవి రోజు. ఊటీ నుంచి గూడలూరు మీదుగా తెప్పకాడు 67 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కల్హట్టి దారి దగ్గరే గానీ, అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు. ప్రమాదాల వల్ల బయటి ఊళ్ళ బండ్లను ఆ దారిన కిందికి దిగనివ్వడం మానేశారు. తెప్పకాడులో ఏనుగుల శిబిరం ఉంది. 2023లో ఆస్కార్ అందుకున్న 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీలో కనబడే బొమ్మన్, బెల్లి దంపతులు, తల్లిలేని రఘు అనే పిల్ల ఏనుగును సాకింది ఇక్కడే. కన్నబిడ్డలా నీళ్ళుపోసి, ముద్దలు కలిపి పెట్టిన ఆ తల్లి కథ పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళండి. పులి కనబడకపోయినా పిల్లలు మూతి ముడుచుకోరు. "పులి కనబడుతుంది" అని మాత్రం మాట ఇవ్వకండి. చుట్టం ఇంటికి వెళ్ళినంత మాత్రాన పెద్దాయన బయటికి వచ్చి పలకరించాలనేముంది?

కార్చిచ్చు భయముంటే వేసవిలో అడవి సఫారీని ఆపేస్తుంటారు. బయలుదేరేముందు అటవీశాఖ వారిని అడిగి తెలుసుకోండి. ముదుమలై నుంచి బందీపూర్ మీదుగా మైసూరు పోయే రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరుదాకా మూసేస్తారు. చీకట్లో బండ్లకింద పడి జంతువులు చనిపోకుండా ఈ ఏర్పాటు. మైసూరు కూడా చూద్దామనుకునేవారు సాయంత్రం కాఫీకే ఆలస్యం చేస్తే, రాత్రి పసిపిల్లలతో చెక్‌పోస్టు దగ్గర గడపాల్సి వస్తుంది. అడవి రోడ్డులో బండి ఆపడం, దిగి ఫోటోలు తీయడం, కోతులకు అరటిపండు పెట్టడం వద్దు. పండు తిన్న కోతి రేపు ఇంకో పిల్ల చేతిలోది లాక్కుంటుంది.

మూటాముల్లె సంగతి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, దారిలో తనిఖీ చేస్తారు. మనిషికో స్టీలు సీసా పెట్టుకోండి. రైలుకు మొదటిపూట చింతపండు పులిహోర, మరుసటి పూటకు పాలతో తడిపిన పిండితో రొట్టెలు, పొడి కూర. ఆ తరువాత సకినాలు, ఉస్మానియా బిస్కట్లు చాలు. ఊటీ రెండువేల మీటర్లకు పైన ఉంది, ఎండాకాలంలోనూ రాత్రి చలి వణికిస్తుంది. మే నెలలో పత్తర్‌గట్టిలో స్వెటరు అడిగితే నవ్వుతారు. ట్రంకుపెట్టెలోవి తీసి రెండు రోజులు నీడన ఆరబెట్టండి, కలరా ఉండల వాసన పోతుంది. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, అల్లం మురబ్బా చప్పరించనివ్వండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్ళను డాక్టరుకు చూపించకుండా కొండ ఎక్కించవద్దు.

అంత ఖర్చు మన వల్ల కాదంటారా? శ్రీశైలం రోడ్డు చాంద్రాయణగుట్ట దాటగానే మన గుమ్మంలోంచే మొదలవుతుంది. 140 కిలోమీటర్ల దూరంలో మన్ననూరు, ఆ పైన ఫర్హాబాద్ వ్యూపాయింటు, అమ్రాబాద్ పులుల అడవి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో తెలంగాణలో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో మనకు టిక్కెట్టు లేదు. కానీ మేలో నల్లమల మండిపోతుంది, ఆకు రాలి, మల్లెలతీర్థంలో ధార సన్నబడుతుంది. ఆ ప్రయాణాన్ని దసరా తరువాతకు దాచుకోండి. ఆ రోడ్డూ రాత్రి తొమ్మిదికి మూసేస్తారు సుమా!

చివరిగా, అసలు మాట. చాలామంది డబ్బు కలిసొస్తుందని వంటగది ఉన్న గది తీసుకుంటారు. అప్పుడు అందరికీ సెలవు, మనకు మాత్రం పొయ్యి మారుతుంది, అంతే! స్టవ్వూ, కుక్కరూ మోసుకుపోయి కొండమీద పప్పు ఉడకడం లేదని నిలబడటానికేనా ఇంత తంటా? నాలుగు ఊళ్ళు తిరిగే చోట రెండు తగ్గించండి, ఒకే గదిలో నాలుగు రాత్రులు ఉండండి. మిగిలిన ఆటోలు, టాక్సీల డబ్బుతో హోటల్ ఇడ్లీ తినండి. ఒక పూట ఎక్కడికీ పోకుండా, బొటానికల్ గార్డెన్ గడ్డిమీద కాళ్ళు చాపుకుని కూర్చునే పూటగా లెక్కలో రాసుకోండి. అడవికి తొమ్మిది గంటలకు తలుపు మూసే హక్కు ఉన్నప్పుడు, ఏడాదికి నాలుగు రోజులు మన వంటింటి తలుపు మూసే హక్కు మనకు లేదా?

ఈ ఆదివారం భోజనాలయ్యాక కాగితం, పెన్సిలు పట్టుకుని అందరినీ కూర్చోబెట్టండి. ఏ రోజు ఎవరు ఏ పని చూడాలో పేర్లు రాయించండి. మీ పేరు ఎదుట ఒకరోజైనా ఖాళీగా ఉందో లేదో చూసుకుని, అప్పుడే సరేననండి. ఏమంటారు?

వచ్చేవారం ఆవకాయ జాడీలతో కలుద్దాం.