కంప్యూటర్ కబుర్లు: జాబితాలో మిగిలిపోయిన కవల

గత సంచికలో పేర్ల జాబితాను వరుసక్రమంలో అమర్చే విధానాన్ని గూర్చి ముచ్చటించుకున్నాము. ఈసారి దానికి తోబుట్టువు వంటి మరొక పనిని పరిశీలిద్దాము. అది ఒక షరతుకు సరిపోయిన పేర్లను జాబితా నుండి తొలగించడం. వినడానికి చిన్న పనే అయినా, అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు సైతం ఇక్కడ పొరబడుతూ ఉంటారు.

కొన్నేళ్ల క్రితం నాటి ఉదంతమొకటి చెబుతాను. ఒక కార్యాలయంలో ఉద్యోగుల కుటుంబసభ్యుల వైద్య సదుపాయానికి ఒక జాబితా ఉండేది. వయోపరిమితి దాటిన పిల్లల పేర్లను ఏటా తొలగించే ప్రోగ్రామును జావా భాషలో రాసినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ ఏడాది ప్రోగ్రాము నడిచిన వారం రోజులకు ఒక ఉద్యోగి రెండు కార్డులు పట్టుకుని వచ్చారు. "మా పిల్లలు కవలలండీ. పెద్దవాడి కార్డు రద్దయింది, చిన్నవాడిది చెల్లుతోంది. పావుగంట తేడాలో పుట్టినవాళ్లకు వయసులో ఇంత తేడా ఎలా వచ్చిందండీ?" అని నెమ్మదిగా అడిగారు. ఆయన కోరినది సదుపాయం కాదు, సమాధానం. మా వద్ద అది లేకపోయింది.

సమాధానం పంక్తి భోజనంలో ఉంది. వడ్డించే వ్యక్తి వరుసగా స్థానాలను లెక్కపెట్టుకుంటూ సాగుతున్నాడనుకుందాము. 17వ స్థానంలోని వ్యక్తి లేచి వెళ్లగానే 18వ స్థానంలోని వ్యక్తి ఆ ఖాళీలోకి జరుగుతాడు. వడ్డించేవాడు మాత్రం తన లెక్క ప్రకారం 18వ స్థానానికి నడుస్తాడు. జరిగి కూర్చున్నవాడి విస్తరి వైపు ఎవరూ చూడరు. మా ప్రోగ్రాము చేసినది సరిగ్గా ఇదే. పెద్దవాడి పేరు తొలగగానే చిన్నవాడి పేరు ఒక మెట్టు పైకి జరిగింది, లెక్క వాడిని దాటిపోయింది. తొలగవలసిన రెండు పేర్లు పక్కపక్కన ఉన్నప్పుడే ఈ దోషం బయటపడుతుంది. కవలల పేర్లు పక్కపక్కన కాక మరెక్కడ ఉంటాయి?

జావాలో స్థానాల లెక్క లేకుండా ఒక్కొక్క పేరునూ అందించే వలయం కూడా ఉన్నది. అందులో నడుమ నేరుగా పేరు తొలగిస్తే సాధారణంగా 'కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్' అనే హెచ్చరికతో పని ఆగిపోతుంది. ఆగిపోవడం ఒక విధంగా మేలే. అయితే అర్రేలిస్ట్ అనే జాబితాలో చివరి నుండి రెండవ పేరును తొలగిస్తే హెచ్చరిక రాదు. పరిమాణం తగ్గడంతో వలయం తన పని పూర్తయినదనుకుని ముగుస్తుంది, చివరి పేరు పరీక్షకే రాదు. మూడు పేర్లతో పరీక్షించి నడిమి పేరును తొలగించి చూసుకున్నవారికి అంతా సవ్యంగానే కనబడుతుంది.

నివారణోపాయాలు మూడు. మొదటిది, జాబితాను చివరి నుండి మొదటికి పరిశీలించడం. అప్పుడు జరిగేవన్నీ ఇదివరకే చూసిన పేర్లు కనుక ప్రమాదం లేదు. రెండవది, ఇటరేటర్ ద్వారానే తొలగించడం. తన చేతి మీదుగా జరిగిన మార్పు దానికి తెలుస్తుంది. మూడవది, అన్నిటికన్న ఉత్తమమైనది, షరతును జాబితాకే అప్పగించడం. 2014లో వచ్చిన జావా 8లో దీనికి 'రిమూవ్ ఇఫ్' ఉన్నది. సీ షార్ప్‌లో 'రిమూవ్ ఆల్' 2005 నుండే ఉన్నది. సీ ప్లస్ ప్లస్‌లో 2020 ప్రమాణంతో 'ఇరేజ్ ఇఫ్' చేరింది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ మూలసూత్రం ఇందులోనే ఉన్నది. ఎవరి సరుకును వారే సర్దుకోవాలి. మనం ఏది తొలగించాలో చెప్పాలి, ఎలా తొలగించాలో జాబితా చూసుకుంటుంది. దీనివల్ల శ్రమ కూడా తగ్గుతుంది. అర్రేలిస్ట్‌లోని 10,000 పేర్లలో మొదటి 5,000 తొలగించాలనుకోండి. మొదటి నుండి ఒక్కొక్కటే తీస్తూ పోతే మిగిలినవన్నీ ప్రతిసారీ జరగాలి. ఆ జరుగుళ్లు మొత్తం సుమారు 3 కోట్ల 75 లక్షలు. 'రిమూవ్ ఇఫ్' మాత్రం ఉంచవలసిన 5,000 పేర్లను ఒక్కసారే ముందుకు జరిపి, తోకను ఒకేసారి కత్తిరిస్తుంది.

ఒక జాగ్రత్త. ఇక్కడ ఇచ్చే షరతు తొలగించవలసినవారిది. జావాలోని 'ఫిల్టర్'కు ఇచ్చే షరతు ఉంచవలసినవారిది. తారుమారైతే అర్హులు పోయి అనర్హులు మిగులుతారు. వయసు 'నిండినవారు', 'దాటినవారు' అనే మాటల నడుమ కూడా ఒక కుటుంబం ఆసుపత్రి ఖర్చు ఇరుక్కుని ఉండవచ్చు.

తొలగింపు సరిగా జరిగినదీ లేనిదీ తేల్చే సులభ పరీక్ష ఒకటున్నది. అదే షరతుతో అదే జాబితాపై ప్రోగ్రామును రెండవసారి నడపాలి. ఒక్క పేరు తొలగినా మొదటి తొలగింపు తప్పే. మేము ఆ తండ్రి ఎదుటనే ఒక నకలుపై నడిపి చూశాము. చిన్నవాడితోపాటు మరికొన్ని పేర్లు తొలగాయి. ఆయన రెండవ కార్డు కూడా బల్లమీద పెట్టి, "ఇప్పుడు లెక్క సరిపోయిందండీ" అని సెలవు తీసుకున్నారు.

ఆనాటి నుండి నా ప్రతి పరీక్షా జాబితాలో ఒక కవలల జంట తప్పక ఉంటుంది.