చిన్న పువ్వుకు రెండు పేర్లు

"నోరు తిరగని ఈ లాటిన్ పేర్లు మాకెందుకండీ? మా ఊళ్లో పిలిచే పేరు చాలదా?" అని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. ప్రశ్న మంచిదే.

నేలవేము సంగతే చూడండి. జ్వరానికి దాని కషాయం తాగిస్తారు. శాస్త్రజ్ఞులు దాన్ని ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా అంటారు. అది అడ్డసరం కుటుంబానికి చెందినది. హిమాలయాల్లో పెరిగే చిరాయత వేరే మొక్క. దాని పేరు స్వెర్షియా చిరాయిటా, కుటుంబం జెన్షియన్. రెండూ పరమ చేదు. చిరాయతను కూడా నేలవేము అన్నవారున్నారు. అంగళ్లలో ఒకదానికి బదులు మరొకటి అమ్మడమూ కద్దు. మరి మందు కోసం వెళ్లినవాడికి ఏది దొరికినట్టు? అందుకే ప్రతి మొక్కకూ ప్రపంచమంతటా చెల్లే ఒకే పేరు కావాలి. 1753లో లిన్నేయస్ స్థిరపరచిన రెండు మాటల పద్ధతి ఆ అవసరం తీర్చింది.

అంతమాత్రాన ఊరి పేరు పనికిరానిదని అనుకోకండి! జెన్షియన్ కుటుంబంలోనే కాన్‌స్కోరా అనే చిన్న అడవి మొక్కలున్నాయి. వానాకాలం తర్వాత తడి నేలల్లో, రాళ్ల పక్కన తెల్లని లేదా లేత గులాబీ రంగు పూలు పూస్తాయి. మన తూర్పు కనుమల్లోనూ కనిపిస్తాయి. కాన్‌స్కోరా లాటిన్ మాటలా ఉంది కదూ? కాదు, అది మలయాళ పేరు! ఇట్టి అచ్యుతన్ వంటి కేరళ వైద్యుల సాయంతో తయారై, 1678-1693 మధ్య 12 సంపుటాలుగా వెలువడిన 'హోర్టస్ మలబారికస్'లో ఆ పేరు నమోదైంది. 1785లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ దాన్నే ఆ ప్రజాతికి పెట్టాడు.

ఎవరో చెప్పారు, ఎవరో రాసుకున్నారు కనుకనే ఆ పేరు బతికింది. మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బరో కూడా కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లు రాసిపెట్టాడు.

బడిలో మొక్కలు సేకరించి అట్టకు అంటించేటప్పుడు లాటిన్ పేరొక్కటే రాసి సరిపెట్టడం నా దృష్టిలో సగం పనే. శాస్త్రీయ నామం పుస్తకంలో ఎప్పుడైనా దొరుకుతుంది. మీ అమ్మమ్మకు, పశువుల కాపరి తాతకు తెలిసిన పేరు రాసుకోకపోతే వారితోనే పోతుంది.

కాబట్టి ఈసారి రెండు పేర్లూ రాయండి. పక్కనే ఊరి పేరు, చెప్పినవారి పేరు, తేదీ కూడా వేయండి. అదీ శాస్త్రమే!