పూచీ ఎవరిది?

మా కృష్ణగిరి వైపు వానలు మొహం చాటేసిన ఏడు జనం ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి పోతారు. చిన్నప్పుడు నేనూ అమ్మ వెంట గుంటూరు వైపు పత్తి తీయడానికి పోయాను. కాలువగట్టు మీద పట్టల గుడిసె. అంగడాయన అప్పు ఇవ్వనన్నాడు. ఆ ఊరి ముసలామె ఒకామె వచ్చి "వీళ్ళకు నేను పూచీ" అంది. ఆ సుగ్గి అయ్యేదాకా మాకు బియ్యం పుట్టింది ఆ ఒక్క మాట మీదే.

మొన్న సంఘం మీటింగులో హైదరాబాదు బాలాపూర్‌లోని రోహింగ్యాల గురించి మాట్లాడుతుంటే ఆమె గుర్తొచ్చింది. బర్మా 1982 పౌరసత్వ చట్టంతో వీళ్ళను ఏ దేశమూ లేనివాళ్ళను చేసింది. పిల్లల్ని చంకనేసుకుని ప్రాణాలతో బయటపడిన ఆడవాళ్ళు ఇక్కడ అద్దె స్థలాల్లో గుడిసెలేసుకున్నారు. (1942లో రంగం నుంచి మన తెలుగువాళ్ళూ నడిచే వచ్చారు. మరిచిపోయాం.)

ఒక సభ్యురాలు సూటిగానే అడిగింది: "మనోళ్ళే సుగ్గికి పోయి అగచాట్లు పడుతుంటే పరదేశమోళ్ళ పూచీ మనకెందుకు?" కడుపుమంటతో అన్నమాట అది, కాదనను. కానీ మన చేలకు నీళ్ళు రాకపోవడానికి బాలాపూర్ గుడిసెల్లోని ఆడవాళ్ళు కారణం కాదు కదా!

కెనడాలో 1979 నుంచి 2024 దాకా ఐదుగురు పౌరులు కలిస్తే ఒక శరణార్థి కుటుంబానికి పూచీ పడే వీలుండేది. ఏడాదిపాటు అద్దె, తిండి, పిల్లల బడి వాళ్ళే చూడాల్సి ఉండేది. 1979, 80లలో వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి అక్కడికి చేరిన 60 వేల మందిలో సగానికి పైగా ఇలా వచ్చినవాళ్ళే. నాకు నచ్చింది ఆ దయాగుణం కాదు. అలా వచ్చిన మనిషికి దిగిన రోజే శాశ్వత నివాస హక్కు ఉంటుంది. పూచీ పడ్డవాళ్ళతో చెడినా దేశం విడిచి పొమ్మనే అధికారం వాళ్ళకు లేదు.

మనకు శరణార్థుల చట్టమే లేదు. 1951 ఒప్పందం మీద సంతకమూ లేదు. ప్రాణరక్షణ పౌరులు కానివారికీ ఉండాలని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రోజువారీ బతుకులో ఆ స్త్రీకి పూచీ ఎవరు? స్థలం యజమాని, కూలికి పిలిచే మేస్త్రీ. కూలి ఎగ్గొట్టినా, చెయ్యి పట్టుకున్నా ఆమె స్టేషను గడప తొక్కడానికి జంకుతుంది. ముందు తన కాగితాలే అడుగుతారని ఆమెకు తెలుసు.

మా ముసలామెది దొడ్డ మనసే. అయినా మేస్త్రీ కూలిలో కోత పెట్టినప్పుడు, గొడవైతే పూచీ పడ్డామె మాట పోతుందని మా అమ్మ నోరు మెదపలేదు. దయ మీద బతికితే ఈ మౌనం తప్పదు.

కాబట్టి సంఘాలు బడికీ ఆసుపత్రికీ వాళ్ళకు తోడు వెళ్ళాలి. దానితోపాటే శరణార్థి చట్టం కావాలనీ, గుర్తింపు కాగితం భర్త చాటున కాక ఎవరి పేరున వాళ్ళకే ఇవ్వాలనీ అడగాలి. వచ్చే మీటింగులో ఈ తీర్మానం పెడుతున్నాను. ఆ ప్రశ్న అడిగిన సభ్యురాలినే ముందుగా బాలాపూర్ రమ్మన్నాను. పత్తి తీతలయ్యాక వస్తానంది.