బొజ్జ చూసి మురిసిపోకండి!

పోయినవారం వంటింట్లో కూర్చుని నిల్వ పచ్చళ్ళ సంగతి చెప్పుకున్నాం కదా! ఈ వారం కాస్త వాకిట్లోకి వద్దాం.

మీ ఇంటి మెట్లకిందో, బావిగట్టు పక్కనో ఓ కుక్క పిల్లల్ని పెట్టిందనుకోండి. ఇక పిల్లలు బడినుంచి రాగానే పుస్తకాల సంచులు అక్కడ పడేసి దాని దగ్గరే చేరతారు. "ఒక్కటి ఉంచుకుందామే అమ్మా" అని కొంగు పట్టుకుని వేలాడతారు. మనం మొదట కసురుకుంటాం. ఆ తర్వాత మనమే కొబ్బరిచిప్పలో కాసిని పాలు పోస్తాం. ఏ ఇంట్లోనైనా జరిగేదే!

మరి ఆ నాలుగైదు పిల్లల్లో మన కన్ను దేనిమీద పడుతుంది? గుండ్రంగా బొజ్జేసుకుని తప్పటడుగులు వేసేదాని మీదే. "ఇదే అన్నింట్లోకీ పుష్టిగా ఉంది" అని మురిసిపోతాం. సరిగ్గా అక్కడే పొరపాటు పడతాం. నేనూ పడ్డాను కనుకనే చెబుతున్నాను.

ఓ వానాకాలంలో మా మెట్లకింద వీధికుక్క ఒకటి 5 పిల్లల్ని పెట్టింది. అందులో బొజ్జున్న దానికి మా చిన్నది 'బూరె' అని పేరు పెట్టింది. నిజంగా బూరెలాగే ఉండేది. మా అత్తగారైతే "దిష్టి తగులుతుందే, నలుగురికీ చూపించకండి" అనేవారు. 4 వారాలు వచ్చేసరికి బూరె ఆడటం మానేసింది. గోనెపట్టా మీద ఓ మూల ముడుచుకుని పడుకునేది. బొజ్జ మాత్రం తగ్గలేదు. వాతావరణం పడలేదనుకున్నాం. ఓ పొద్దున చూస్తే వాంతి చేసుకుంది. అందులో తెల్లగా, ఉడికించిన సేమ్యాలాగా పురుగులు మెదులుతున్నాయి!

బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు బొజ్జకేసి చూడనే లేదు. ముందుగా పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. గులాబిరంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. "ఆ పొట్టలో ఉన్నది మీరు పోసిన పాలు కాదమ్మా, పురుగులు. ఇంకో పదిరోజులు ముందు తీసుకొచ్చుంటే చెంచా మందుతో బాగయ్యేది" అన్నారు. చెయ్యగలిగింది ఆయన చేశారు. ఆ రాత్రే బూరె పోయింది. దిష్టి తీసిన ఇంట్లో మందు పొయ్యడం మాత్రం ఎవరికీ తోచలేదు.

తల్లిపాలతోనే వస్తాయి

"మట్టిలో ఆడనైనా లేదు, బయటి తిండి తినలేదు, అంత పసిదానికి పురుగులెలా వచ్చాయండీ?" అని అడిగాను. మీకూ అదే సందేహం వస్తుంది.

కుక్కపిల్లల్ని ముఖ్యంగా పీడించేవి రెండు రకాలు. ఒకటి ఏలికపాములు, రెండోది కొంకిపురుగులు. ఏలికపాముల పిల్లపురుగులు తల్లికుక్క కండల్లో నెలల తరబడి నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. తల్లికి వాటివల్ల పైకి ఏ జబ్బూ కనిపించదు. అది కడుపుతో ఉన్నప్పుడు అవి మేలుకుని మావిగుండా పొట్టలోని పిల్లల్లోకి చేరతాయి. మరికొన్ని పాలద్వారా వెళతాయి. కొంకిపురుగులూ తల్లిపాలతోనే పిల్లల్లోకి వస్తాయి. అంటే కళ్ళు తెరవకముందే పిల్ల ఒంట్లో పురుగు ఉంటుందన్నమాట! అలాగని పాలు మాన్పించకూడదు సుమా. తల్లిపాలు లేకపోతే పిల్ల అసలే బతకదు.

ఏలికపాములు పేగుల్లో చేరి, పిల్ల తిన్న తిండిని అవి తినేస్తాయి. అందుకే పొట్ట ఉబ్బుతుంది, వెన్నుమీద చెయ్యి వేస్తే మాత్రం ఎముకలు తగులుతాయి. పురుగులు మరీ ఎక్కువైతే పేగుకే అడ్డం పడతాయి. పిల్లపురుగులు ఊపిరితిత్తులగుండా ప్రయాణం చేస్తాయి కనుక దగ్గు కూడా రావచ్చు.

కొంకిపురుగు అంతకంటే ప్రమాదం. పొడవు సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు. దారప్పోగులా ఉంటుంది కనుక మలంలో మన కంటికి ఆనదు. పేగు గోడను పళ్ళతో కరిచి పట్టుకుని నెత్తురు తాగుతుంది. ఒక చోటు వదిలి ఇంకోచోట పట్టుకుంటే, వదిలిన చోటునుంచి కూడా నెత్తురు కారుతూనే ఉంటుంది. ఒక్కో పురుగుకి రోజుకి సుమారు 0.1 మిల్లీలీటరు నెత్తురు పోతుందని లెక్క. ఇంతేనా అనుకోకండి. 100 పురుగులుంటే 10 మిల్లీలీటర్లు, అంటే 2 టీచెంచాలు. కిలో బరువున్న కుక్కపిల్ల ఒంట్లో ఉండే నెత్తురే 80, 90 మిల్లీలీటర్లు. మన చిన్న కాఫీ గ్లాసుడు! అందులోంచి రోజుకి 2 చెంచాలు పోతుంటే ఎన్నాళ్ళుంటుంది చెప్పండి?

చూడవలసింది చిగుళ్ళని

కుక్కపిల్లని ఒళ్ళోకి తీసుకున్నప్పుడు మెల్లగా పెదవి ఎత్తి చూడండి. చిగుళ్ళు పాలిపోయి ఉంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మలం తారులా నల్లగా, జిగటగా ఉన్నా అంతే. అది లోపల కారిన నెత్తురు. వెంట్రుకల్లో నిగారింపు లేకపోవడం, తోటిపిల్లలు పెరుగుతుంటే ఇది పెరగకపోవడం, ఊరికే పడుకోవడం కూడా గుర్తులే. మలంలో బియ్యపుగింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. కుక్క ఒంటిమీద గెంతే చిన్న పురుగులద్వారా వస్తుంది అది. దానికి మందు వేరు.

అయితే గుర్తులు కనిపించేదాకా ఆగవద్దు. పుట్టిన 2 వారాలకే మొదటి మోతాదు పడాలి. తర్వాత 4, 6, 8 వారాలకి. అక్కణ్ణుంచి ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి, ఆ తర్వాత 3 నెలలకోసారి. ఇన్నిసార్లు ఎందుకంటే, మందు పేగుల్లో ఉన్న పురుగుల్నే చంపుతుంది. కండల్లో దాక్కున్నవి తర్వాత మెల్లగా దిగి వస్తాయి. పిల్లలకి పోసే రోజుల్లోనే తల్లికీ వెయ్యాలి. మందు పోసిన మర్నాడు పురుగులు పడితే కంగారు పడకండి. పని చేసిందన్నమాట.

ఎంత పొయ్యాలన్నది పిల్ల బరువునుబట్టి డాక్టరు చెబుతారు. ఇంట్లో పిల్లలకి తెచ్చిన నులిపురుగుల మాత్ర ఉంది కదా అని అందాజుగా సగం విరిచి వెయ్యకండి. ఆముదం పట్టించకండి. అసలే నీరసించిన పిల్లకి విరేచనాలైతే ప్రాణంమీదికి వస్తుంది. ఇంకోమాట. "వెల్లుల్లి దంచి అన్నంలో పెడితే పురుగులు పోతాయి" అంటారు కొందరు. మనకి మంచిదే కావచ్చు కానీ, వెల్లుల్లి, ఉల్లి రెండూ కుక్క నెత్తుటిలోని ఎర్రకణాలను దెబ్బ తీస్తాయి. నెత్తురు లేక పాలిపోయిన పిల్లకి అవి పెట్టడమంటే గోరుచుట్టుమీద రోకటిపోటే!

మన పిల్లల సంగతి

ఇందాకటినుంచి కుక్కపిల్ల గురించే చెబుతున్నాను. ఇందులో మన పిల్లల క్షేమం కూడా ఉందమ్మా. ఏలికపాము రోజుకి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటపడతాయి. పడినరోజే హాని చెయ్యవు. మట్టిలో రెండు మూడు వారాలు ముదిరాక అంటుకునే దశకి వస్తాయి. కనుక ఏరోజు మలం ఆరోజు ఎత్తి పారేస్తే సగం బాధ తీరినట్టే. ఎత్తకపోతే ఆ గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. మట్టిలో ఆడి చెయ్యి నోట్లో పెట్టుకున్న పసివాళ్ళ ఒంట్లోకి వెళితే ఆ పిల్లపురుగులు కాలేయానికో, ఊపిరితిత్తులకో చేరతాయి. అరుదుగా కంటికి చేరి చూపుకే చేటు తెస్తాయి. కొంకిపురుగు పిల్లలైతే తడినేలలో ఉండి, ఉత్తకాళ్ళతో నడిచేవాళ్ళ చర్మంలోకి దూరతాయి. పాదంమీద ఎర్రగా, వంకరటింకరగా గీత పాకుతూ ఒకటే దురద పెడుతుంది.

వాకిట్లో ఫినాయిల్ చల్లి ఊరుకుంటే ఏలికపాము గుడ్లు చావవు. సిమెంటు నేలైతే ముందు మలం తీసి, సలసలా కాగిన నీళ్ళు పొయ్యండి. కుక్క పడుకునే గోనెపట్టాని ఉతికి ఎర్రటి ఎండలో వెయ్యండి. కొంకిపురుగు పిల్లలకి ఎండా, పొడినేలా పడవు. కళ్ళాపి చల్లేచోట, నీడపట్టున, పంపు దగ్గర కుక్కపిల్లల్ని ఉంచకండి. పిల్లలు వాటితో ఆడొచ్చు, ఆడనివ్వండి. తినేముందు మాత్రం సబ్బుతో చేతులు కడిగించండి.

మన పల్లెల్లో గొర్రెలకీ, మేకలకీ నట్టల మందు పోయించడం అందరికీ తెలుసు. వాకిట్లో కాపలా కాసే కుక్క సంగతే ఎవరికీ గుర్తు రాదు. బూరె పోయిన మర్నాడే మిగిలిన నాలుగింటికీ మందు పోయించాం. తల్లికి మాత్ర ఇడ్లీముక్కలో పెట్టి మింగించాం. నాలుగూ బతికాయి. మూడింటిని తెలిసినవాళ్ళు తీసుకెళ్ళారు. నాలుగోది, అన్నింట్లోకీ బక్కది, బొజ్జలేదని మేమెవ్వరం పట్టించుకోనిది, మా గుమ్మంలోనే ఉండిపోయింది. ఇది రాస్తుంటే నా కాళ్ళ దగ్గరే పడుకుంది. మీ ఇంట్లో కుక్కపిల్ల ఉంటే ఈ పుస్తకం పక్కన పెట్టి, ముందు దాని పెదవి ఎత్తి చూసి రండి!