తోడు అడగడం మానేశాం

పాలలో వేసే చెంచాడు పెరుగునీ, కష్టంలో పక్కన నిలబడే మనిషినీ తెలుగులో ఒకే మాటతో పిలుస్తాం: తోడు. మా అమ్మ రోజుల్లో ఇంట్లో పెరుగు అయిపోతే, దీపాలు పెట్టకముందే పక్కింటి గుమ్మంలో నిలబడి “వదినా, కాస్త తోడు ఉందా?” అని అడిగేది. చెంచాడు పెరుగు కోసం వెళ్లి అరగంట కూర్చునేది. ఎవరి కోడలు నెల తప్పిందో, ఎవరి అబ్బాయికి ఉద్యోగం పోయిందో, ఎవరింట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదో ఆ అరగంటలోనే తెలిసేది. మర్నాడు ఆ గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్లేది కాదు. అడుగున కాస్త పప్పో పచ్చడో ఉండేది.

ఇవాళ పెరుగు ప్యాకెట్ పది నిమిషాల్లో తలుపు గడియకి వేలాడుతోంది. తెచ్చిన కుర్రాడి ముఖం కూడా మనం చూడం. బెల్లు కొట్టొద్దని ముందే యాప్‌లో నొక్కేస్తాం. దీనికి సౌకర్యం అని పేరు పెట్టుకున్నాం. నేను దోపిడీ అంటాను. పక్కింటికి వెళ్లాల్సిన అవసరాన్ని ఒక యాప్ లాక్కుంది. అలా మిగిలిన అరగంటను ఇంకో యాప్ మింగేసింది.

మింగడానికే దాన్ని తయారు చేశారు. వేలితో ఎంత తోసినా అడుగు తగలని తెరను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, ఆ పని చేసినందుకు తర్వాత బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. చేసినవాడే తప్పు ఒప్పుకున్నాక, “మీకే నిగ్రహం లేదు” అని మన పిల్లలను తిట్టే హక్కు ఎవరికుంది? పేజీకి చివర ఉంటే పిల్లవాడు తల ఎత్తుతాడు. తల ఎత్తితే ఆ యాప్‌ల వ్యాపారం నడవదు.

ఒంటరితనం అమెరికా వాళ్ల జబ్బని, మనకు చుట్టాలూ పక్కాలూ ఉన్నారని ఇంకా గొప్పలు పోతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక చూడండి. ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానివల్ల ఏటా 8,71,000 మందికి పైగా చనిపోతున్నారని అంచనా. ధనిక దేశాల్లో నూటికి 11 మంది ఒంటరితనంలో ఉంటే, పేద దేశాల్లో 24 మంది ఉన్నారు. ఇంకా ఎవరిని చూసి జాలిపడదాం?

పోయిన ఏడాది మా ఎదుటి ఫ్లాట్‌లో ఒక్కరే ఉండే పెద్దాయన తెల్లవారుజామున పోయారు. ఆయన తలుపుకీ నా తలుపుకీ మధ్య ఆరడుగులు. ఆ కబురు నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. అప్పటికే నలభై దండం బొమ్మలు పడ్డాయి. గుమ్మం దాకా వచ్చినవాళ్లు నలుగురు. ఆయన కొడుకు డల్లాస్ నుంచి రోజూ వీడియో కాల్ చేసేవాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను, ఆ ఫోన్‌నూ అనను. దూరాన ఉన్నవాళ్ల ముఖం చూపించినందుకు దానికి రుణపడే ఉన్నాం. కానీ సప్తసముద్రాల అవతలి నుంచి ఎవరూ గ్లాసుడు మంచినీళ్లు అందించలేరు. అందించాల్సింది ఆరడుగుల దూరంలో ఉన్న నేను. నేను అందించలేదు. ఆయన నన్నెప్పుడూ ఏమీ అడగలేదు, నేనూ ఆయన్ని ఏమీ అడగలేదు. ఇద్దరి ఫోన్లలోనూ అన్నీ దొరికేవి.

అడగడం నామోషీ అని మనకు నేర్పారు. ఎవరితోనూ పని పడకుండా బతకడమే గొప్ప బతుకని నమ్మించారు. అది పచ్చి అబద్ధం. అవసరమే మనిషిని మనిషి గుమ్మం ఎక్కిస్తుంది. ఇచ్చిన గిన్నె, తిరిగి రావాల్సిన గిన్నె, ఈ చిన్న చిన్న బాకీలే ఇరుగుపొరుగును కట్టి ఉంచాయి. బాకీలన్నీ తీర్చేసుకుని తలుపులు వేసుకున్నాం. ఇప్పుడు లోపల కూర్చుని ఎవరూ రావడం లేదని ఏడుస్తున్నాం.

ఇవాళ సాయంత్రం ఫ్రిజ్‌లో పెరుగు ఉన్నా సరే, గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొట్టండి. ముందుగా ఫోన్ చెయ్యకండి.