గోడ మీద చూశాకే రంగు కొనండి

సొంతిల్లు కట్టుకుంటున్నవారికి, పాత ఇంటికి రంగులు వేయిస్తున్నవారికి, అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మేవారికి విజ్ఞప్తి.

వానలు తగ్గి గోడలు ఆరగానే మన ఊళ్లలో రంగుల పని మొదలవుతుంది. సంక్రాంతి దాకా పెయింటింగ్ మేస్త్రులకు తీరిక దొరకదు. టైల్స్ కోసం నాలుగు దుకాణాలు తిరిగేవాళ్లు, తలుపు చెక్కను తట్టి చూసి కొనేవాళ్లు కూడా గోడల రంగును మాత్రం కౌంటరు దగ్గర నిలబడి పది నిమిషాల్లో తేల్చేస్తున్నారు. షేడ్ కార్డులో రెండంగుళాల ముక్క మీద వేలు పెడతారు, లేదా ఫోన్‌లో ఎవరిదో హాలు ఫొటో చూపిస్తారు. పని అయ్యాక ఏళ్ల తరబడి ఆ గోడల మధ్య బతకాల్సింది ఇంట్లోవాళ్లు. ఈ పద్ధతి మారాలి. ఏ గది రంగును ఆ గదిలోనే, ఆ గోడ మీదే, అక్కడ ఉండబోయేవాళ్లే చూసి తేల్చుకోవాలి. డబ్బాలు ఆ తర్వాతే కొనాలి.

కార్డు మీద లేతగా కనిపించిన రంగు నాలుగు గోడలకూ పడితే ముదురుతుంది. ఒక గోడ రంగు ఎదుటి గోడ మీద పడి మళ్లీ ఇటే తిరిగి రావడం వల్ల అలా జరుగుతుంది. వెలుతురు కూడా రంగును మార్చేస్తుంది. ఉత్తరపు కిటికీ వెలుగులో కాస్త నీలి ఛాయ ఉంటుంది కాబట్టి, ఇప్పుడు అందరూ అడుగుతున్న బూడిద రంగు అక్కడ దిగులుగా కనిపిస్తుంది. పడమటి గదిలో సాయంత్రపు ఎండ లేత పసుపును నారింజకు తిప్పుతుంది. రాత్రి సంగతి మరీ వేరు. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద ఒకలా ఉన్న గోడ, 3000 కెల్విన్ పసుపు బల్బు కింద ఇంకోలా ఉంటుంది. దుకాణంలో ట్యూబులైటు కింద చూసి ఇవన్నీ ఊహించడం అనుభవమున్న మేస్త్రికి కూడా కష్టమే.

అందుకే మేస్త్రి లప్పం, ప్రైమరు ముగించాక ఒక్క రోజు ఆగండి. నచ్చిన రెండు మూడు రంగులు చిన్న డబ్బాల్లో తెప్పించుకోండి. ఒక్కో రంగును రెండడుగుల చదరంగా రెండు కోట్లు వేయించండి. కిటికీ పక్క గోడ మీద ఒకటి, కిటికీకి ఎదురు గోడ మీద ఒకటి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. పాత రంగు పక్కన చూస్తే కన్ను మోసపోతుంది, చుట్టూ తెల్ల ప్రైమరు ఉంటేనే అసలు రంగు తెలుస్తుంది. అద్దె ఇంట్లోవాళ్లు డ్రాయింగ్ షీట్ మీద వేసి గోడకు అతికించుకున్నా సరిపోతుంది. దీనికయ్యే ఖర్చు ఇల్లంతా మళ్లీ రంగు వేయించే ఖర్చు ముందు ఏపాటిది?

రంగుల పేర్లు చూసి మోజుపడకండి. వాటికంటే పనికొచ్చే అంకె ఒకటుంది, దాన్ని ఎల్‌ఆర్‌వీ అంటారు. గోడ మీద పడిన వెలుతురులో నూటికి ఎంత తిరిగి గదిలోకి వస్తుందో అది చెబుతుంది. మంచి తెలుపుకు ఎనభై దాటుతుంది, ముదురు మెరూన్‌కు పదికి అటూ ఇటూ ఉంటుంది. చాలా కంపెనీలు ఈ అంకె ఇస్తాయి, అడిగి తెలుసుకోండి. డక్టు వైపు ఒక్క కిటికీ ఉన్న పదడుగుల పడకగదికి ఫొటోలో చూసిన ముదురు నీలం వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తుంది. ముదురు రంగు మీద మనసుంటే, రెండు వైపులా వెలుతురొచ్చే హాలులో ఒక్క గోడకు వేయించండి, తప్పకుండా బాగుంటుంది. సీలింగు మాత్రం ఏ గదిలోనైనా తెల్లగానే ఉంచండి.

మన పెద్దలకు ఇది తెలుసు. మండువా నుంచి వచ్చే వెలుతురు లోపలి గదుల దాకా పారాలని గోడలకు సున్నం కొట్టించేవారు, తెల్లదనం తేలడానికి అందులో చిటికెడు నీలిమందు కలిపేవారు. చేతులు, కాళ్లు, చీపురు తగిలే అడుగు భాగానికి ఎర్రమన్ను పట్టీ వేసేవారు. పిల్లలున్న ఇళ్లలో ఈనాటికీ ఇదే మేలు. కింద మూడడుగులు కడిగితే పోయే ముదురు ఎమల్షన్, పైన లేత రంగు వేయించండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల కళ్లను బట్టి ఆలోచించండి. వయసుతో పాటు కంటి కటకం పసుపు తిరుగుతుంది. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల కంటికి చేరేదానిలో ఇంచుమించు మూడో వంతే. తెల్ల గోడ, తెల్ల టైల్, తెల్ల కమోడ్ ఉన్న బాత్రూమ్ చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ గోడ ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో అమ్మమ్మకు తెలియదు. పడిపోతే తుంటి విరగొచ్చు. నేలకూ గోడకూ, గోడకూ తలుపు చట్రానికీ, మెట్టుకూ మెట్టు అంచుకూ రంగు తేడా స్పష్టంగా ఉండాలి. రంగు ఎంచుకునే రోజు వాళ్లను కూడా గదిలో కూర్చోబెట్టి అడగండి.

ఎరుపు కోపం తెస్తుందనీ, పసుపు ఆకలి పెంచుతుందనీ చెప్పే మాటలకు గట్టి ఆధారం లేదు, వాటికి భయపడకండి. వాస్తు ప్రకారం ఫలానా రంగే కావాలనుకుంటే అందులోనే లేత షేడ్ తీసుకోండి. లోపలి గోడకు ఏ రంగు వేసినా ఎండాకాలం గది చల్లబడదు. ఆ పని డాబా మీది తెల్లపూతది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది అందుకే.

ఇక పసిపిల్లల ప్రాణాల విషయం. పసుపు, నారింజ, ఎరుపు ఎనామెల్ రంగులు మెరవడానికి ఒకప్పుడు సీసం కలిసిన పదార్థాలు విరివిగా వాడేవారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, ఇంతవరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 మించకూడదన్న నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. డబ్బా మీద ఆ మాట రాసి లేకపోతే ఎంత చవకైనా కొనకండి. ఈ నిబంధన అమలుకు ముందు రంగు వేసిన పాత తలుపులు, కిటికీలను పొడిగా గీకించకండి. నీళ్లతో తడిపి గరుకు కాగితం పట్టించండి. ఆ పూట పిల్లల్ని, గర్భిణులను ఇంట్లో ఉంచకండి. మేస్త్రికీ మాస్క్ ఇవ్వండి, రోజూ ఆ దుమ్ములో ఉండేది ఆయనే.

బిల్డర్లకు ఒక్క మాట. అన్ని ఫ్లాట్లకూ ఒకే రంగు కొట్టి తాళాలిస్తే కొన్నవాళ్లు ఏడాది తిరక్కుండా దాని మీద ఇంకో రంగు వేయించుకుంటున్నారు. పడకగదులనైనా ప్రైమరు దగ్గర ఆపి కొన్నవాళ్లను అడగండి. దుకాణాలవాళ్లు చిన్న డబ్బాల్లో నమూనా రంగు కలిపివ్వడానికి విసుక్కోకండి.

ఈ కాగితాన్ని మీ అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద అతికించండి. మీ వీధిలో ఎవరింటికి రంగుల మేస్త్రి వస్తే వాళ్లకు ఒక ప్రతి ఇవ్వండి. డబ్బాలకు అడ్వాన్సు కట్టకముందే ఇవ్వండి.